పుల్లలు ఎక్కువున్న చక్రమే చవక

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు నేను ఆరేళ్లుగా సైకిలు మీదే వెళ్లి వస్తున్నాను. పోను సుమారు 13, రాను 13, వెరసి రోజుకు 26 కిలోమీటర్లు. మే నెల ఎండలోనూ, జులై ముసురులోనూ, డిసెంబరు చలిలోనూ అదే దారి, అదే సైకిలు. వంపు హ్యాండిలూ సన్నని టైర్లూ ఉన్న రోడ్ బైక్ అది. ఈ ఆరేళ్లలో దాని మీద పెట్టిన మరమ్మతు ఖర్చులో సగానికి పైగా చక్రాలకే పోయింది, అందులోనూ చాలా భాగం తెలియక పెట్టినదే. కొత్తగా సైకిలు మీద ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టిన స్నేహితులు ఈమధ్య ఇద్దరు ముగ్గురు, చక్రాలు మార్చాలనుకుంటున్నాం, ఏవి కొనమంటావు అని అడిగారు. వాళ్లకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడాది పొడవునా పనికి తొక్కే సైకిలుకు, పుల్లలు ఎక్కువగా ఉండి, విడిభాగాలు విడివిడిగా దొరికే మామూలు అల్యూమినియం చక్రాన్ని చేయి తిరిగిన మనిషి చేత బిగించుకోవడమే అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా మన్నిక. బరువు తగ్గించడానికి పెట్టే ప్రతి రూపాయినీ ఆ బిగించే మనిషి కూలికి మళ్లించమంటాను.

ఈ మాట అనడానికి నాకు ఒక చక్రం నేర్పిన పాఠం ఉంది. సైకిలుతో పాటు వచ్చిన చక్రాలు బరువుగా ఉన్నాయని, మొదటి ఏడాదిలోనే 11,000 రూపాయలు పెట్టి ఒక ఫ్యాక్టరీ జత కొన్నాను. ముందు చక్రానికి 20, వెనుక చక్రానికి 24 పుల్లలు. పుల్లలంటే స్పోక్స్, రిపేరు షాపుల్లో వాడే మాటే నేనూ వాడుతున్నాను. పలచగా, చప్పటగా ఉండే ఆ పుల్లలు నల్లటి రిమ్ములో చూడ ముచ్చటగా ఉండేవి. రెండో వానాకాలంలో ఒక ఉదయం, హైటెక్ సిటీ రైల్వే స్టేషను దగ్గరి అండర్ బ్రిడ్జి దాటి ఎత్తు ఎక్కుతుండగా వెనుక నుంచి ఠంగుమని చప్పుడు వినబడింది. మరుక్షణం బ్రేకు రబ్బరు రిమ్మును రాసుకోవడం మొదలైంది. బ్రేకు మీట వదులు చేశాను, అయినా చక్రం తిరిగినప్పుడల్లా టైరు వెళ్లి ఫ్రేముకు ఒరుసుకుంటోంది. ఒక్క పుల్ల తెగితే సైకిలు కదలలేని స్థితికి రావడం నేను అంతకు ముందు ఎరగను. మిగిలిన దారి అంతా, వెనుక చక్రాన్ని చేత్తో పైకెత్తి, ముందు చక్రం మీద నడిపించుకుంటూ వెళ్లాను.

నడక కన్నా ఆ తరువాతి మూడు వారాలే ఎక్కువ బాధపెట్టాయి. ఆ చప్పట పుల్ల ఆ చక్రానికి మాత్రమే సరిపోయేది. ఏ దుకాణంలోనూ లేదు, తెప్పించాలన్నారు. 20 రూపాయల వస్తువు కోసం 11,000 రూపాయల చక్రం గోడకు ఆనుకుని కూర్చుంది. పుల్ల వచ్చాక వేయించుకుంటే, నెల తిరగకుండా పక్కనున్న పుల్ల తెగింది. ఆ తరువాత ఇంకొకటి. ఆ మూడూ ఎడమ వైపువే. గొలుసు లాగేది కుడివైపు గదా, తెగితే కుడివైపు పుల్లలు తెగాలి గదా అన్నది అప్పట్లో నాకు అంతుచిక్కని ప్రశ్న.

ఒక్క పుల్ల పోతే చక్రం ఎందుకు అంతగా వంకర తిరిగిందో మాత్రం కాగితం మీద గీసుకుంటే తేలిపోతుంది. 24 పుల్లల చక్రంలో పక్కకు 12 ఉంటాయి. అంటే ఒకే వైపు పుల్లల మధ్య 30 డిగ్రీల ఎడం. ఒకటి తెగితే ఆ చోట 60 డిగ్రీల మేర, చక్రంలో ఆరో వంతు మేర, రిమ్మును ఆ వైపుకు లాగే దిక్కే ఉండదు. 36 పుల్లల చక్రంలో పక్కకు 18, ఎడం 20 డిగ్రీలు. ఒకటి తెగితే ఖాళీ 40 డిగ్రీలు. రిమ్ము ఒకటి రెండు మిల్లీమీటర్లు ఊగుతుంది, బ్రేకు కొద్దిగా వదులు చేసుకుంటే ఇల్లు చేరతాం. మన నాన్నలూ తాతలూ తొక్కిన పెద్ద సైకిళ్లకు ముందు 32, వెనుక 40 పుల్లలు ఉండేవి. వడ్ల బస్తా వేసుకుని కాలువ గట్టున వెళ్లే ఆ సైకిలుకు రెండు పుల్లలు తెగి వేలాడుతున్నా ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

ఇక ఎడమ పుల్లలు ఎందుకు తెగాయన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, చక్రం బరువును ఎలా మోస్తుందో కొంచెం చూడాలి. ఎద్దుబండి చక్రంలో బరువు కింది ఆకు మీద నిలబడుతుంది. ఇరుసు కిందనున్న కొయ్య ఆకు స్తంభంలా బరువు మోస్తుంది, చుట్టూ వేసిన ఇనుప పట్టా ఆకులన్నిటినీ కలిపి పట్టి ఉంచుతుంది. సైకిలు పుల్ల అలా నిలబడలేదు. 2 మిల్లీమీటర్ల తీగను నిలబెట్టి పైన చేయి వేస్తే వంగిపోతుంది. అందుకే సైకిలు చక్రంలో పుల్లలన్నిటినీ ముందే గట్టిగా లాగి బిగిస్తారు. మనం ఎక్కి కూర్చున్నప్పుడు నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు పుల్లల బిగువు కొంత తగ్గుతుంది, మిగతా వాటిలో మార్పు చాలా స్వల్పం. ఆ తగ్గడమే బరువు మోయడం. హబ్బు నుంచి, అంటే ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగం నుంచి, పుల్లలను సూటిగా కాక ఏటవాలుగా, ఒకదాని మీదుగా ఒకటి అల్లే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. తొక్కుడు బలాన్ని రిమ్ము దాకా చేర్చడానికి ఇప్పటికీ మనం వాడేది ఆ అల్లికే.

అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే ప్రతి పుల్లా ఒకసారి వదులై మళ్లీ బిగుసుకుంటుంది. 28 మిల్లీమీటర్ల టైరు వేసిన చక్రం చుట్టుకొలత 2.14 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నా 26 కిలోమీటర్లకు రోజుకు సుమారు 12,000 చుట్లు, ఏడాదికి 250 రోజులు తొక్కితే 30 లక్షల చుట్లు. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరకు తెగినట్టే, పుల్ల కూడా తెగేది ఒక పెద్ద దెబ్బకు కాదు, ఈ లక్షల చిన్న చిన్న కుదుపులకు. లోహం అలసిపోతుంది. హబ్బులో దూరిన చోట పుల్లకు మెడలాంటి వంపు ఉంటుంది. ఆ మెడ దగ్గరే పగులు పుడుతుంది.

వెనుక చక్రంలో ఇంకో చిక్కు ఉంది. కుడివైపు పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కుడి పుల్లలు దాదాపు నిట్టనిలువుగానూ, ఎడమ పుల్లలు ఏటవాలుగానూ ఉంటాయి. రిమ్ము మధ్యలో నిలవాలంటే కుడివాటిని ఎడమవాటికన్నా ఇంచుమించు రెట్టింపు లాగాలి. యంత్రాల మీద తొందరగా బిగించిన చవక చక్రాల్లో కుడివైపే బిగువు చాలకపోతే, అందులో సగమే ఉండే ఎడమవైపు పుల్లల సంగతి చెప్పనక్కరలేదు.

మూడో పుల్ల తెగాక, మా కాలనీ వాచ్‌మన్ చెబితే మూసాపేటలో ఒక పాత సైకిలు షాపుకు వెళ్లాను. అరవై దాటిన మనిషి. చక్రాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పకుండానే, రెండు వేళ్లతో ఎడమ పుల్లలను జతలు జతలుగా నొక్కి చూశాడు. "గట్టిగున్న పుల్ల తెగదు సారూ, లూజున్నదే తెగుతది. గీ ఎడమ దిక్కు జర పట్టి చూడుండ్రి" అన్నాడు. పట్టి చూశాను. వీణ తీగ కాదు, బట్టలారేసే తీగలా కదిలింది. వదులుగా ఉన్న పుల్ల ప్రతి చుట్టుకూ పూర్తిగా సడలిపోయి, మళ్లీ ఒక్కసారిగా బిగుసుకుంటుంది, ఆ కదలిక అంతా మెడ మీద పడుతుంది. గట్టిగా ఉన్న పుల్లకు ఆ కదలిక ఉండదు. పుల్లలు తెగుతున్నాయి, ఎక్కువ బిగించేశారేమో అని అనుకుంటూ వచ్చిన నాకు ఆ ఒక్క మాటతో మొత్తం తలకిందులైంది.

కొత్త చక్రాలు ఆయన చేతే కట్టించుకున్నాను, ఆ పని దగ్గర కూర్చుని చూశాను. వెనుక చక్రానికి 36 పుల్లలు. మొదట ఒక పక్క తొమ్మిదింటిని హబ్బులోకి దూర్చి, ఒక్కొక్క దాన్ని రిమ్ములో నాలుగేసి రంధ్రాలకు ఒకటి చొప్పున తగిలించాడు. ప్రతి పుల్ల మరను నూనెలో ముంచి గానీ నిపుల్, అంటే పుల్ల కొసను రిమ్ముకు బిగించే చిన్న నట్టు, ఎక్కించలేదు. అల్లిక పూర్తయ్యాక, గోడకు బిగించిన పాత ఫోర్కులో చక్రాన్ని పెట్టి, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనించి తిప్పాడు. సుద్ద గీసుకున్న చోటే వంకర. పావు మర, అర మర తిప్పుకుంటూ, మధ్య మధ్య ఒకే వైపు పుల్లలను వేలి గోరుతో మీటి చెవి ఒగ్గేవాడు. శ్రుతి కలవని పుల్ల దగ్గర ఆగేవాడు. కొంత బిగిశాక రెండు చేతులతో పక్క పక్క పుల్లలను జతగా పట్టి గట్టిగా పిండాడు. టిక్కు టిక్కుమని చప్పుళ్లు వచ్చాయి, చక్రం మళ్లీ కొద్దిగా వంకర పోయింది. మళ్లీ సరిచేశాడు, మళ్లీ పిండాడు. చప్పుడు రాకుండా పోయేదాకా నాలుగుసార్లు అలా చేశాడు. పుల్లల మెడలు హబ్బులో సరిగ్గా ఒదిగి కూర్చోవడానికి, వంచినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి పోవడానికి అది తప్పనిసరి. యంత్రం మీద నిమిషాల్లో తయారయ్యే చవక చక్రంలో ముందుగా ఎగిరిపోయేది ఈ పనే. ఒక్క వెనుక చక్రానికే ఆయనకు రెండు గంటలు దాటింది. తరువాత ఒక మిత్రుని దగ్గర బిగువు కొలిచే మీటరు తెచ్చి చూస్తే కుడి పుల్లలు 110 కిలోల లాగుడు దగ్గర, ఎడమవి 60 దగ్గర ఉన్నాయి. వేలి గోరుతో పట్టిన లెక్క అది.

ఎన్ని పుల్లలు కావాలన్నదానికి నా జవాబు ఇది. మనిషీ సంచీ కలిపి 70 కిలోల లోపు ఉంటే ముందూ వెనుకా 32 చాలు. అంతకు మించితే వెనుక 36 పెట్టించుకోవాలి. ముందు చక్రం తక్కువ బరువు మోస్తుంది, పైగా అందులో రెండు వైపులా బిగువు సమానం, కాబట్టి డబ్బు ఎక్కడైనా తగ్గించాలంటే ముందు చక్రంలో తగ్గించి వెనుక చక్రంలో పెట్టాలి. రెండు చక్రాలూ ఒక జతగా కనబడాలన్న కోరికతో చాలామంది ఈ చిన్న వివేకాన్ని వదులుకుంటారు.

బరువు పెరగదా అని అడుగుతారు. పెరుగుతుంది. నా చక్రాల జత, పాత జతకన్నా 400 గ్రాములు ఎక్కువ. కానీ నేను 72 కిలోలు, సైకిలు 11, లాప్‌టాపూ డబ్బా ఉన్న సంచి 5. మొత్తం 88 కిలోల మీద 400 గ్రాములంటే నూటికి అర పాలు కూడా కాదు. తిరిగే బరువు వేగం అందుకునేటప్పుడు రెట్టింపుగా లెక్కకు వస్తుందని చెబుతారు, అది నిజమే. రెట్టింపు వేసుకున్నా నూటికి ఒక పాలు చేరదు. గాలి కోత సంగతి ఇంకా తక్కువ. జేఎన్‌టీయూ కూడలి నుంచి బయోడైవర్సిటీ కూడలి దాకా సిగ్నళ్ల మధ్య మనం గంటకు 25 కిలోమీటర్లు దాటి ఎంతసేపు తొక్కుతాం? నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, పైన సౌర ఫలకాల కప్పు, కింద నునుపైన నేల. చక్రాల గురించి మనకు వినబడే సలహాల్లో చాలా భాగం అలాంటి దారి మీద ఆదివారం పొద్దున తొక్కేవారివి. వాళ్ల సలహా వాళ్ల దారికి సరైనదే. మన దారిలో వరసగా ఆరేసి పట్టీల స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మట్టానికి రెండంగుళాలు కిందికి దిగిన మ్యాన్‌హోల్ మూతలు, వాన నీరు నిలిచి లోతు తెలియని గుంతలు ఉంటాయి.

పుల్లల రకం గురించి రెండు మాటలు. మామూలు సైకిలు షాపులో దొరికే పూత వేసిన ఇనుప పుల్లలు ఒకటి రెండు వానాకాలాలకే తుప్పు పట్టి, నిపుల్‌తో కలిసి బిగుసుకుపోతాయి. తిప్పబోతే తిరగవు, తెగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు పుల్లలే కావాలి. డీటీ స్విస్, సాపిమ్ వంటి వారివి ఒక్కొక్కటి విడిగా దొరుకుతాయి. వీలైతే చివరలు 2 మిల్లీమీటర్లు, నడుము 1.8 మిల్లీమీటర్లు ఉండే రకం తీసుకోండి. నడుము సన్నగా ఉంటే పుల్ల బలహీనం కాదా అనిపిస్తుంది. నిజానికి సాగడమంతా ఆ సన్నని నడుములో జరిగి, మెడ మీద దెబ్బ తగ్గుతుంది, అందుకే అది ఎక్కువ కాలం మన్నుతుంది. నిపుల్స్ ఇత్తడివే ఉండాలి. రంగురంగుల అల్యూమినియం నిపుల్స్ కొన్ని గ్రాములు తేలికే, కానీ స్టీలు పుల్లతో తగిలి తడిలో ఏళ్ల తరబడి ఉంటే అల్యూమినియం తెల్లగా పొడిబారి చివరకు పగులుతుంది.

ఇప్పుడు రిమ్ము. నా సైకిలుకు రిమ్ము మీద పట్టే బ్రేకులున్నాయి, మీలో చాలామందివీ అవే. వీటిలో రిమ్ము కూడా టైరులాగా అరిగిపోయే వస్తువే అన్న సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. హైదరాబాదు నేల గ్రానైటు రాతి నేల. వాన పడగానే రోడ్డు వారగా కొట్టుకొచ్చే ఇసుకలో స్ఫటికపు రేణువులు ఉంటాయి, అవి అల్యూమినియం కన్నా ఎంతో గట్టివి. ఆ బురద నీరు రిమ్ముకు అంటుకున్నప్పుడు బ్రేకు వేస్తే బరబరమని శబ్దం వస్తుంది. అది రిమ్ము అరుగుతున్న శబ్దమే. ముసురు పట్టిన వారానికి ఒకసారి బ్రేకు రబ్బర్లు ఊడదీసి వెలుతురులో చూడండి. నల్లటి రబ్బరులో మినుకు మినుకుమంటూ వెండి తునకలు గుచ్చుకుని ఉంటాయి. అవి మీ రిమ్ము నుంచి లేచిన అల్యూమినియం పొరలు, ఇక ప్రతి బ్రేకుకూ అవే రిమ్మును గీరుతాయి. పిన్నీసుతో వాటిని పెకలించి, రబ్బరు ముఖాన్ని గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్ది, రిమ్మును తడిగుడ్డతో తుడవాలి. పది నిమిషాల పని. నా మొదటి చక్రాలకు ఇది చేయలేదు. ఇప్పటి వాటికి మానకుండా చేస్తున్నాను, రిమ్ము బ్రతుకు ఇంచుమించు రెట్టింపైందని నా చేతి కొలతలే చెబుతున్నాయి.

కొలత ఎలాగంటే, తెగిన పుల్ల నుంచి సరిగ్గా 2 మిల్లీమీటర్ల మందమున్న ముక్కలు రెండు కత్తిరించుకోండి. టైరు తీసి, రిమ్ము గోడకు లోపల ఒక ముక్క, బయట బ్రేకు పట్టే చోట ఇంకొక ముక్క ఆనించి, మందం కొలిచే వెర్నియర్‌తో మొత్తం చూసి, 4 తీసేయండి. వెర్నియర్ దవడలు నేరుగా పెడితే రిమ్ము అంచు పెదవి అడ్డు వచ్చి తప్పు కొలత వస్తుంది. చాలా రిమ్ముల గోడ కొత్తలో ఒకటిన్నర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ఒకటికి చేరితే మార్చేయాలి. అంతకన్నా పలచబడిన గోడ, లోపలి గాలి ఒత్తిడికి ఏ రోజైనా విచ్చుకోవచ్చు. అది బ్రేకు వేసిన క్షణంలోనే జరిగే ప్రమాదం ఎక్కువ. ఈ విషయంలో పొదుపు చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

మామూలు చక్రం నిజమైన లాభం ఇక్కడే బయటపడుతుంది. రిమ్ము అరిగితే నేను పారేసేది రిమ్మునే. అదే రకం కొత్త రిమ్ము తెచ్చి, పాతదాని పక్కన ఆనించి టేపు చుట్టి, ఒక్కొక్క పుల్లనూ పాత రంధ్రం నుంచి కొత్త రంధ్రంలోకి మార్చుకుంటూ పోతే హబ్బూ పుల్లలూ అవే ఉంటాయి, అల్లిక కూడా చెదరదు. ఫ్యాక్టరీ జతలో రిమ్ము విడిగా దొరకడం అరుదు, దొరికినా మోడలు మారిపోయి ఉంటుంది. అందుకే రిమ్ము ఎంచుకునేటప్పుడు అందం కన్నా, ఏళ్ల తరబడి మారకుండా అమ్ముడవుతున్న సాదా రకమా కాదా అన్నది చూడాలి. రెండు గోడల రిమ్ము కావాలి, ఒంటి గోడ రిమ్ము గుంతకు సొట్ట పడుతుంది. లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు ఉంటే 28, 32 టైర్లు చక్కగా కూర్చుంటాయి. లోపల వేసే పట్టీ ప్లాస్టిక్‌ది కాక బట్టది వేయించండి. మే నెలలో ఎండలో నిలిపిన సైకిలుకు పలచటి ప్లాస్టిక్ పట్టీ మెత్తబడి పుల్లల రంధ్రాల్లోకి కుంగి, ట్యూబు అక్కడే పగులుతుంది.

కొత్త సైకిలే కొనబోయేవారికి మాత్రం డిస్క్ బ్రేకులున్నది తీసుకోమంటాను. వాటిలో రిమ్ము అరగదు, అరిగేది చవకైన డిస్కు. కానీ ఉన్న సైకిలుకు డిస్కు పెట్టించడం కుదరదు, ఫ్రేమూ ఫోర్కూ అందుకు తగినట్టు ఉండాలి, కాబట్టి ఉన్నదానికోసం బాధపడనక్కరలేదు.

హబ్బు విషయంలో రెండు దారులున్నాయి, రెండూ మంచివే. షిమానో రోడ్ హబ్బుల్లో విడి ఉక్కు గుండ్లు ఉంటాయి. వెనుక పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్స్. ప్రతి వానాకాలం ముగిశాక విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త బాల్స్, కొత్త గ్రీజు వేసి, గుండ్లను అదిమి పట్టే కోను సరిగా బిగిస్తే, ఎన్ని రిమ్ములు మారినా ఆ హబ్బు నిలుస్తుంది. ఈ పని మన ఊళ్లలో ఏ సైకిలు మెకానిక్కుకైనా వచ్చు. నిర్లక్ష్యం చేస్తే మాత్రం హబ్బులో గుండ్లు తిరిగే కప్పులో గుంటలు పడతాయి, ఆ కప్పు మార్చడానికి వీలుండదు. రెండో దారి, మూసిన బేరింగులున్న హబ్బు. కొనేముందు బేరింగు నంబరు అడగండి. 6000, 6001, 6902 వంటి సాధారణ నంబరైతే సికింద్రాబాదు రాణిగంజ్‌లో ఏ బేరింగు దుకాణంలోనైనా దొరుకుతుంది. ఏదైనా సరే, వెనుక హబ్బు, ఫ్రీవీల్ అనే పళ్ల గుత్తిని మరతో బిగించే పాత పద్ధతిది కాకుండా, క్యాసెట్ ఎక్కించే ఫ్రీహబ్ అయి ఉండాలి. పాత పద్ధతిలో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండి ఇరుసు ఆధారం లేకుండా బయటకు పొడుచుకు వస్తుంది, పళ్ల చక్రాలు పెరిగేకొద్దీ బరువైన మనిషి కింద అది వంగిపోతుంది. షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్‌లో బేరింగు ఫ్రేము అంచు దాకా జరిగి ఈ బాధ పోయింది. చవక సైకిళ్లలో ఇప్పటికీ పాతదే వేసి ఇస్తున్నారు. క్యాసెట్ విప్పే పనిముట్టు వీధి షాపుల్లో ఉండకపోవచ్చు. అది కొని ఇంట్లో పెట్టుకోండి, కుడి పుల్ల తెగితే దాని అవసరం పడుతుంది.

ఎంత మంచి చక్రమైనా దాన్ని కాపాడేది టైరే. ఫ్రేములో పట్టే అతి లావు టైరు వేయండి. నా సైకిలులో 28 దాటి పట్టదు. వెనుక 80, ముందు 70 పౌండ్ల గాలి పెడతాను. 23 టైరుకు 110 కొట్టి తొక్కినప్పుడు ప్రతి మ్యాన్‌హోల్ మూతా నేరుగా రిమ్ముకు తగిలినట్టుండేది. ఇంకొక చిన్న మాట: ఈ రిమ్ములకు సన్నని వాల్వు రంధ్రం ఉంటుంది, రోడ్డు పక్క గాలి పంపు దానికి పట్టదు. పంక్చరు అయిన రాత్రి ఆ సంగతి తెలుసుకోవడం కన్నా, చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో వేసుకోవడం మేలు.

ఖర్చు లెక్క దాచుకోకుండా చెబుతాను. మొదటి జతకు 11,000 పెట్టాను, పుల్లలకూ బెండు తీయించడానికీ ఇంకో 2,400 అయింది. 11,000 కిలోమీటర్లు నడిచాయి. కిలోమీటరుకు రూపాయి 22 పైసలు. రెండో జతకు హబ్బులు 5,200, రిమ్ములు రెండూ 4,600, 68 పుల్లలు నిపుల్స్‌తో 2,040, కూలి 1,500, మొత్తం 13,340. తరువాత ముందు రిమ్ము ఒకసారి మార్చడానికి కూలితో కలిపి 2,900. ఇప్పటికి 26,000 కిలోమీటర్లు అయ్యాయి, కిలోమీటరుకు 62 పైసలు, ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఒక్క పుల్లా తెగలేదు. చవక జత కొని, పాడైతే పారేసి ఇంకొకటి కొనుక్కోవచ్చు గదా అనే స్నేహితుడికి ఈ లెక్కే చూపించాను. లెక్కలో రానిది ఇంకొకటి ఉంది: మూడు వారాలు సైకిలు గోడకు ఆనుకుని కూర్చుంటే, ఆ మూడు వారాలు మనం మళ్లీ ఆటోలకూ బస్సులకూ అలవాటు పడతాం. అలా అలవాటు పడి తొక్కడమే మానేసినవాళ్లు నాకు తెలుసు. ఆఫీసుకు తొక్కే సైకిలుకు ఆగకుండా ఉండడమే మొదటి గుణం.

సొంతంగా కట్టించుకునే ఓపిక లేనివారు, తయారు జతల్లోనే 32 పుల్లలున్నవాటిని వెతకండి, గుండ్రటి పుల్లలూ వంపు మెడా ఉన్నవే తీసుకోండి, తెచ్చిన రోజే బిగించే మనిషి దగ్గరికి తీసుకువెళ్లండి. ఐదారు వందలు తీసుకుని ఆయన పుల్లలన్నీ పిండి, బిగువు సమానం చేసి ఇస్తాడు. ఆ ఐదారు వందల ఖర్చును నేను చక్రం ధరలో భాగంగానే చూస్తాను. కొత్త చక్రమేదైనా మొదటి 300 కిలోమీటర్లకు ఒకసారి మళ్లీ చూపించాలి. ఆ తరువాత నెలకొకసారి, టైరుకు గాలి కొట్టేటప్పుడు, పుల్లలను వరసగా మీటుతూ పోతే చాలు. ఒకే వైపు పుల్లల్లో ఒకటి మందంగా పలికితే అది వదులవుతోందని అర్థం. ఎడమవాటి స్వరం కుడివాటికన్నా కింద ఉంటుంది, దానికి కంగారు పడవద్దు. రెండు అదనపు పుల్లలు, ఎడమకొకటి, కుడికొకటి, ఫ్రేముకు టేపుతో అంటించి ఉంచుకోండి. కుడిది సుమారు 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటుంది, చుట్టూ గుర్తు వేసుకోండి.

పోయిన ఆదివారం నా వెనుక రిమ్ము గోడ కొలిచాను. ఎడమ 1.1, కుడి 1.2 మిల్లీమీటర్లు. అదే రకం కొత్త రిమ్ము కొని తెచ్చి బాల్కనీలో మేకుకు తగిలించాను. హబ్బు విప్పి చూస్తే కప్పులు అద్దంలా ఉన్నాయి. మృగశిర కార్తె రాకముందే మూసాపేట తీసుకువెళ్లాలి. వానలు మొదలైతే ఆయన షాపు ముందు వరస కడతారు.